కృష్ణాతీరపు వంటింటి గోడలు

క్రొత్త యిల్లు కట్టుకొనువారు వంటింటికి ఏ రంగు వేయించిన బాగుండునని నేడు పలువురిని అడుగుచుందురు. దివిసీమలోగాని, గుడివాడ పల్లెలలోగాని మన ముత్తాతలకు ఈ విచారము అంతగా లేదు. వారి వన్నెలు ముఖ్యముగా రెండే: సున్నపు తెలుపు, జాజు ఎఱుపు. ఆ ఎన్నికలో ఎంత వివేకమున్నదో కొంచెము చూతము.

ఆనాటి రైతు వంటిల్లు పెరటివైపున, తఱచుగా ఆగ్నేయమూలను ఉండెడిది. మట్టిగోడలు, తాటాకు కప్పు, చిన్న కిటికీ. పొయ్యిలో పుల్లలు, పిడకలు. పొగగొట్టము లేదు; పొగ తాటాకు సందులనుండి మెల్లగా వెడలిపోవలసినదే. ఆ పొగ కప్పునకు పురుగు పట్టనీయక మేలు చేసెడిది. గోడకు మాత్రము మసి మిగిలెడిది. గూటిలోని దీపము వెలుగు నాలుగు మూలలకు ప్రాకవలెనన్న గోడ తెల్లగా ఉండవలెను. కనుక సంక్రాంతికి ముందు సున్నము కొట్టెడివారు. ఒండ్రునేలలో సున్నపురాయి దొరకదు. తీరమువారు గుల్లలను కాల్చి సున్నము చేసికొనిరి. తెలుపు మెఱయుటకు చిటికెడు నీలిమందు కలుపుట కొందఱి నేర్పు.

గోడ అడుగున మూరెడెత్తు జాజుపట్టె. అలుకునీళ్లు చిందినను, పేడచేయి తగిలినను ఎఱుపు దానిని కనబడనీయదు. మనము అలంకారమనుకొన్నది ఇల్లాలి శ్రమను తగ్గించు ఉపాయము!

చిత్రమేమనగా, ఈ సీమయే లోకమునకు ఎఱుపును అమ్మినది. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. డచ్చివారు అంతకు ముందే వచ్చియుండిరి. చిరివేరుతోను పటికతోను తేల్చిన ఎఱుపుగల అద్దకపు బట్టలు పారశీకమునకు, ఐరోపాకు ఓడలెక్కినవి. ఇంటి గోడకు జాజుమన్నే చాలినది.

1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమవంతు. అటుపిమ్మట అక్కడ కాంక్రీటు ఇండ్లు లేచినవి. ప్రాణరక్షణకు అది తప్పనిసరి. దానిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. కాని కట్టెపొయ్యి సాగిన ఇండ్లలో తాటాకు సందుల వెంట పోవు పొగకు ఇపుడు దారి లేక, అది ఇల్లాలి కన్నులలోనే నిలిచినది. గ్యాసుపొయ్యి వచ్చిన తరువాతగాని ఆ గోడలు తమ రంగును నిలుపుకొనలేదు.

ఇక నేడు అడుగువారికి మేము చెప్పునది ఇది. ఉప్పుగాలి, నేలచెమ్మ గల మన తీరమున పాత సున్నపుగోడపై నూనెరంగు పూసినచో, చెమ్మ బయటికి పోలేక రంగు పొరలు పొరలుగా లేచును. సున్నము చెమ్మను పీల్చి విడుచును. ఏటేట సున్నము కొట్టించు ఓపిక ఎవరికున్నదందురేమో. రంగు గీకించి మరల వేయించుటకన్న అది చౌకయే. పొయ్యి వెనుక తుడుచుటకు వీలైన పలకలు పఱచుకొని, పైన సున్నము, అడుగున జాజువన్నె ఉంచుకొనుడు. తలుపులకు బందరు అద్దకపు ముదురు ఎఱుపు పొందికగా ఉండును. గడపకు పసుపు ఎట్లును ఉండనే యున్నది.