నల్లగొండ, పాలమూరు జిల్లాలలో ఉన్నతవిద్య – మన విద్యార్థులు

ఈ సంచికకు విద్యావిషయమున ఒక వ్యాసము వ్రాయుడని కార్యవర్గమువారు కోరిరి. విద్యయొక్క గొప్పతనమును వర్ణించుట మా యుద్దేశము కాదు. దాని నెఱుగనివారు ఈ సభలో లేరు. మన రెండు జిల్లాలలో కళాశాల యనునది ఎప్పుడు వచ్చెను, అది రాకపూర్వము మన పిల్లలు ఎక్కడ చదివిరి, వచ్చిన పిమ్మట అందెవరు చేరిరి, ఎవరు చేరలేకపోయిరి – ఇంతమాత్రమే చెప్పదలచితిమి. జిల్లాలనగా పూర్వపు నల్లగొండ, మహబూబునగరములే. 2016లో జరిగిన విభజనమువలన నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి యనియు, మహబూబునగరము, నాగరుకర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల యనియు జిల్లాలు వేఱయ్యెను. 2019లో నారాయణపేటయు వానిలో చేరెను. పేర్లు మాఱినను మన బంధుత్వములు మాఱలేదు గనుక పాత జిల్లాల లెక్కనే వ్రాయుచున్నాము.

ఈ నేలకు విద్య కొత్తది కాదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానములు పాలమూరు జిల్లాలోనివే. పండితసత్కారములవలన గద్వాలకు విద్వద్గద్వాల యను పేరే వచ్చెను. కాని ఆ విద్య పండితకుటుంబములలోనే నిలిచెను. మగ్గపుగుంటలో కూర్చున్నవానికి దానితో నిమిత్తము లేదు. మనవారికి దక్కినది వీధిబడి. ఓనమాలు, ఎక్కములు, నూలుషాహుకారు వ్రాసిన చిట్టాను చదువుకొనగల శక్తి – అంతటితో చదువు ముగిసెడిది. షాహుకారు లెక్కలో మోసపోకుండుటకే పిల్లవానిని బడికి పంపితిమని చెప్పిన వృద్ధులను మేమెఱుగుదుము. మనకంటె దిగువనుంచబడినవారి పిల్లలకు ఆ వీధిబడిలోను చోటుండలేదన్న సంగతి దాచిపెట్టి చరిత్ర వ్రాయరాదు.

రాజధానిలో 1887లో ఏర్పడిన నిజాము కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై ఇంగ్లీషున బోధించెడిది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా గైకొనెను. దేశభాషలో ఉన్నతశాస్త్రములను బోధింపవచ్చునని నిరూపించిన ఘనత దానిదే. ఆ మాట ఒప్పుకొనవలసినదే. అయితే ఆ దేశభాష మనది కాదు. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, ఆపైన ఇంగ్లీషు – మూడు భాషల బరువును మోయగలిగిన బాలుడే కళాశాల గడప త్రొక్కెడివాడు. 1921లో హైదరాబాదునందు వివేకవర్ధని నాటకశాలలో జరిగిన సంఘసంస్కారసభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు అల్లరి చేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. మఱుసటి యేడు షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నల్లగొండనుండి నీలగిరి పత్రికను వెలువరించిరి. పిమ్మట జరిగిన ఆంధ్రమహాసభలలో దేవరకొండ (1931), షాదునగరము (1936), మల్కాపురము (1940), చిలుకూరు (1941), భువనగిరి (1944) సభలు మన జిల్లాలలోనే జరిగెను. మాతృభాషలో చదువు చెప్పవలెననియు, ఖాన్గీ బడులపైనున్న నిర్బంధములను తొలగింపవలెననియు ఆంధ్రోద్యమము అడుగుచువచ్చెను.

భాష మొదటి గోడ. రెండవ గోడ అన్నము. మన జిల్లాలలో ఉన్నతపాఠశాల దాటిన బాలునికి హైదరాబాదు తప్ప వేఱుచోటు లేదు. అచట బంధువున్నవాడు చదివెను, లేనివాడు తిరిగివచ్చెను. ఈ సంగతిని మొదట గ్రహించినవారిలో పాలమూరు జిల్లావారైన రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారొకరు. తరువాత నగర కొత్వాలుగా ప్రసిద్ధికెక్కిన ఆయన 1918లో హైదరాబాదున రెడ్డి విద్యార్థి వసతిగృహమును స్థాపించిరి. విశ్వవిద్యాలయము వెలసిన సంవత్సరమును, వసతిగృహము వెలసిన సంవత్సరమును ఒకటే యగుట గమనింపదగినది. పాలమూరు జిల్లాకే చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు కొన్ని యేండ్లు ఆ గృహనిర్వహణభారము వహించి, గ్రంథాలయమును పెంచిరి; 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పినవారును ఆయనయే. ఆ మార్గముననే పెక్కు కులములవారు నగరమున వసతిగృహములు కట్టుకొనిరి. కళాశాల కట్టు శక్తి ఏ కులమునకును లేకపోయినను, చదువుకొను పిల్లవానికి ఒక చాపయు, రెండు పూటల అన్నమును ఏర్పఱచు శక్తి ఉండెను. అది యెంతటి శక్తియో నాటి ప్రభుత్వమునకును తెలిసియుండెను. 1938లో వందేమాతరము పాడిన ఉస్మానియా విద్యార్థులను మొదట వసతిగృహములనుండియే వెడలగొట్టిరి. వారిలో పలువురు నాగపురమునకు పోయి చదువు సాగించిరి.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు కొందఱు అచటి కమ్యూనిటీ కాలేజీలనుగూర్చి చెప్పుచుందురు. జోలియట్టను ఊరిలో 1901లో ఉన్నతపాఠశాలకే పై తరగతులు చేర్చుటతో ఆ పద్ధతి మొదలయ్యెను. 1907లో కాలిఫోర్నియా రాష్ట్రము దానికి శాసనబలము కలిగించెను. అచట ఒక ప్రాంతమువారు కాలేజీకై ఒక డిస్ట్రిక్టుగా నేర్పడి, తమ ఆస్తులపై పన్ను చెల్లించి, తామెన్నుకొన్న ధర్మకర్తలచేత కాలేజీని నడిపించుకొందురు. విద్యార్థి తన యింటనుండియే పోయి వచ్చును. పగలు పని చేసికొనువాడు సాయంత్రము చదువుకొనును. విన్నప్పుడు మాకు ఒక సంగతి తోచినది. అచట కమ్యూనిటీ యనగా ఒకచోట నివసించు సమస్తజనులు. ఇచట మనము ఆ మాటను కులమునకు వాడుచున్నాము. వారు ఊరికి కాలేజీ తెచ్చుకొనిరి. మనము కులపు బాలుని ఊరు దాటించి, కాలేజీయున్న నగరమున నిలుపుటకు చందాలు వేసికొంటిమి. రెండును స్వయంసహాయములే. కాని ఊరి కాలేజీకి పొరుగువాని బిడ్డయు పోవును; కులపు వసతిగృహమునకు పోలేడు.

ఇక మన యింటి సంగతి. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెములయందును, ఇతర నేతకులములవారితోపాటు గద్వాల, నారాయణపేటలయందును మనవారు నేసిన చీరలకు దేశమంతట పేరున్నది. ఆ చీర ఒక్కనిచేతిపని కాదు. తండ్రి నేయును, తల్లి ఆసు పోయును, పెద్దపిల్ల చిటికి కట్టును, చిన్నవాడు కండెలు చుట్టును. కూలి మాత్రము చీరకే కాని మనిషికి లేదు. ఒకరు బడికి పోయిన చీర ఆలస్యమగును. చీర ఆలస్యమైన కొలదియు బయానా ఋణమై కూర్చుండును. రైతుబిడ్డకు పంటలేని నెలలుండును, మగ్గమునకు అట్టి నెలలు లేవు. కనుక బుద్ధి చాలక మనవారు వెనుకబడిరనుట సత్యము కాదు. ఆలేరు చెంత శారాజీపేటవారైన చింతకింది మల్లేశముగారిని చూడుడు. ఒక్కొక్క చీరకు ఆసు పోయుటకై తల్లి చేయి వేలకొలది పర్యాయములు అటునిటు తిరుగుట, భుజములు పడిపోవుట ఆయన చిన్ననాటనుండి చూచిరి. ఏండ్లతరబడి శ్రమించి, 1999లో ఆసుయంత్రమును పూర్తిచేసి దానికి తల్లి పేరే పెట్టిరి. 2017లో పద్మశ్రీ బిరుదము పొందిరి. ఆ మహనీయుడు బాల్యముననే బడి మానినవాడు. ఆయన ప్రతిభను పొగడని సభ లేదు. అట్టి బుద్ధిగల బాలునికి బడి యెందులకు తప్పిపోయెనని యడిగిన సభను మేమింతవఱకు చూడలేదు.

కళాశాలలు మన జిల్లాలకు రాష్ట్రావతరణకాలముననే వచ్చినవి. నల్లగొండయందు 1956లో నాగార్జున కళాశాల వెలసెను. వనపర్తి రాజభవనము పాలిటెక్నిక్కయ్యెను. గద్వాల కోటలో మహారాణీ ఆదిలక్ష్మీదేవమ్మగారి పేర డిగ్రీ కళాశాల నడుచుచున్నది. ఒకప్పుడు చేతిలో బట్టలమూటతో బయట నిలిచియుండినవారి మనుమలు ఆ కోటలోపల పాఠములు వినుచుండుట మాకు ముచ్చట గొల్పును. 1970లో అనంతరామన్ సంఘమువారి నివేదికననుసరించి వెనుకబడిన తరగతులకు నూటికి 25 స్థలములు కేటాయింపబడెను. 1971లో పి.వి. నరసింహారావుగారి పూనికతో నల్లగొండ జిల్లా సర్వేలునందు రాష్ట్రములోని మొదటి గురుకుల పాఠశాల తెఱవబడెను. అన్నము, పడక, చదువు ఒక్క కప్పుక్రింద! కులములు నగరమున చేసిన పనిని ప్రభుత్వము పల్లెలో, కులభేదము లేక చేసి చూపెను. ఆపైన 2007లో నల్లగొండయందు మహాత్మాగాంధీ పేర, 2008లో పాలమూరు పేర విశ్వవిద్యాలయము లేర్పడెను.

నాగార్జున కళాశాల వచ్చిన చాలయేండ్లకును పై చదువులకు నగరమే గతి. మేమును, మావంటి మఱి యిరువురును నగరమున ఒక కులపెద్ద యింటి వసారాలో నూలుబేళ్ళ నడుమ పండుకొని చదివితిమి. ఊరినుండి బస్సుమీద వచ్చు బియ్యపుసంచి మా పంచాంగము. అది ఆలస్యమైన వారము మాకు ఏకాదశి. మువ్వురిలో మిక్కిలి తెలివిగలవానికి రెండవయేట సంచి రాలేదు. అతడు వెడలిపోయి మగ్గమెక్కెను. అతడు నేసిన చీరలను మేము పిమ్మట మా యింటి పెండ్లిండ్లకు కొన్నాము.

కళాశాల ఊరి చెంతకు వచ్చినంతమాత్రమున అందఱును అందు చేరలేదు. 2011 జనాభాలెక్కలలో పాలమూరు జిల్లా అక్షరాస్యత నూటికి 55. నాటి ఉమ్మడి రాష్ట్రములో అదే కడపటిది. నల్లగొండ 64. పాలమూరు కూలీలు ఆనకట్టలు కట్టుటకు దేశమెల్ల తిరిగినట్లే, మన నేతవారు భీవండి, షోలాపురము, సూరతు నగరములకు మరమగ్గములపై పనికి పోయిరి. వారి పిల్లలు అక్కడి లెక్కలోను చేరక, ఇక్కడి హాజరుపట్టీలోను నిలువక మధ్యన జాఱిపోయిరి. బాలికల విషయము మఱియు కష్టము. మాడపాటి హనుమంతరావుగారు ప్రభృతులు 1928లో హైదరాబాదున తెలుగు బాలికలకు ఉన్నతపాఠశాల పెట్టినప్పుడు, తెలుగున బోధించునట్టి దానికి ఇచట గుర్తింపు దొరకక, పూనాలోని కార్వే మహాశయుని మహిళావిశ్వవిద్యాలయముతో సంబంధము కల్పించుకొనవలసివచ్చెను. నేడట్టి చిక్కు లేదు. 2016లో సాంఘికసంక్షేమ గురుకులసంస్థ స్త్రీలకు ఆవాస డిగ్రీ కళాశాలలు తెఱచెను. వెనుకబడిన తరగతులకు జ్యోతిబా ఫూలే పేర గురుకులములున్నవి. అయినను సాయంకాలపు బస్సు రాదని చదువు మానిన ఆడుపిల్లలు మన వాడలలో నేటికిని కనబడుచున్నారు. అన్నవలెనే చిటికి కట్టుటయు చేతనైన పిల్ల ఇంట నుండుట లాభమే యని తల్లిదండ్రులు తలచుటయు ఒక కారణము. దీనిని పైవారిమీద త్రోయలేము.

వృత్తివిద్యకును దారులేర్పడుచున్నవి. పోచంపల్లి చెంత జలాల్పురమున 1995నుండి స్వామి రామానందతీర్థ గ్రామీణసంస్థ పల్లె యువకులకు చేతిపనులు నేర్పుచున్నది. 2024లో కొండా లక్ష్మణ్ బాపూజీగారి పేర హైదరాబాదున చేనేత సాంకేతికవిద్యాసంస్థ ఆరంభమయ్యెను. నేతవానికొడుకు నేతశాస్త్రమున డిప్లొమా పొందుటకు ఇక సేలమునకో, వేంకటగిరికో పోనక్కఱలేదు.

పోషకులకు మా మనవి యొక్కటి. కల్యాణమండపమునకు గది కట్టించిన దాతపేరు రాతిపై చెక్కించుచున్నాము. పిల్లవానికి సంవత్సరము అన్నము పెట్టిన దాతపేరు చెక్కుటకు మనకు రాయి లేకపోయెను. ఇకమీద వసతిగృహము కట్టదలచినచో హైదరాబాదున కాక, నల్లగొండ, మహబూబునగర పట్టణములలో విశ్వవిద్యాలయముల చెంతనే కట్టుట మేలు. మొదటిది బాలికలకు కట్టుట మఱియు మేలు. స్థలములలో నాలుగవవంతు ఇతర కులముల పేదలకు విడువవలెనని మా యభిప్రాయము. దీనికి సభలో ఆక్షేపణ రావచ్చును, రానిండు, వాదింతము.

అంతకుముందు జరుగవలసిన పని లెక్క. కులముల పూర్తి లెక్కలు అచ్చయినది 1931 జనాభాలెక్కలలో. మరల తెలంగాణ ప్రభుత్వము 2024లో ఇంటింట కులసర్వే జరిపించెను. ఆ లెక్కలు ప్రభుత్వమునకు. మన పిల్లలలో ఇంటరుతో నిలిచినవారెందఱు, డిగ్రీలో చేరి మధ్యన మానినవారెందఱు అని యడిగిన మన సంఘముకడ సమాధానము లేదు. ఈ సంచికతోపాటు ఊరికొక్క పట్టిక ఇచ్చుటకు కార్యవర్గమువా రంగీకరించిరి. అందు పిల్లవాని పేరు, వయస్సు, తరగతి, ఇంటి మగ్గములు, బడికి దూరము అను గడులున్నవి. కడపటి గడి చదువు మానిన కారణము. మిగిలినవి తప్పినను ఆ గడిని ఖాళీగా విడువవలదనియు, కారణమును తండ్రినే కాక తల్లినికూడ అడిగి వ్రాయవలెననియు గ్రామపెద్దలకు విన్నవించుచున్నాము.