అడాల్ఫ్ ఫాన్ బేయర్

అడాల్ఫ్ ఫాన్ బేయర్ (1835 అక్టోబరు 31 – 1917 ఆగస్టు 20) జర్మనీకి చెందిన కర్బన రసాయన శాస్త్రవేత్త. నీలి మొక్కతో పనిలేకుండా నీలిమందు అనే రంగును ప్రయోగశాలలో తయారు చేసి, దాని అణు నిర్మాణాన్ని తేల్చారు. 1905లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. ఆస్పిరిన్‌తో పేరుపడ్డ బేయర్ కంపెనీకీ ఈయనకూ ఏ సంబంధమూ లేదు.

బెర్లిన్‌లో పుట్టారు. తండ్రి ప్రష్యా సైన్యాధికారి, భూమి కొలతల నిపుణుడు. రసాయన శాస్త్రవేత్తలు బున్సెన్, కెకూలేల దగ్గర చదువుకున్నారు. 1875లో మ్యూనిక్‌లో అంతకుముందు లీబిగ్ ఉన్న రసాయన శాస్త్ర పీఠానికి వచ్చి జీవితాంతం అక్కడే ఉన్నారు.

నీలిమందుపై పరిశోధన 1865లో మొదలైంది. 1880లో సిన్నమిక్ ఆమ్లం నుంచి దాన్ని తయారు చేశారు. 1882 నాటి పద్ధతి ఇంకా తేలిక: ఆర్థో నైట్రోబెంజాల్డిహైడ్‌ను అసిటోన్‌లో కరిగించి, నీళ్లు కలిపి, కాస్టిక్ సోడా ద్రావణం చుక్కలుగా వేస్తే, ద్రావణం ముదురు గోధుమ రంగుకు తిరిగి, కాసేపటికే నీలి మడ్డి దిగుతుంది. మరుసటి ఏడాది నిర్మాణ సూత్రం ఇచ్చారు.

అయినా ఈ పద్ధతులేవీ బజారులో నెగ్గలేదు. ముడిసరుకు ఖరీదు, దానికి కావలసిన టాల్యూయీన్ కొరత. నిజానికి ఫ్యాక్టరీ విజయంలో సగం పేరు జూరిచ్‌లోని కార్ల్ హ్యూమన్‌కు దక్కాలి. 1890లో ఆయన చూపిన దారిలో, తారు నుంచి చవగ్గా దొరికే నాఫ్తలీన్‌తో పని సాగింది. నాఫ్తలీన్‌ను ఆక్సీకరించేటప్పుడు థర్మామీటరు పగిలి పాదరసం పడటంతో చర్య వేగం పుంజుకుందని చెబుతారు. లుడ్‌విగ్స్‌హాఫెన్‌లోని బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ దాదాపు 1.8 కోట్ల మార్కులు ఖర్చుపెట్టి, 1897లో సరుకు విడుదల చేసింది.

దెబ్బ భారతదేశం మీద పడింది. బీహార్‌తో పాటు మద్రాసు రాజధానిలోని కడప, నెల్లూరు ప్రాంతాల్లోనూ నీలి పంట ఉండేది. 1897లో ప్రపంచం మొత్తం మీద సుమారు 19,000 టన్నులున్న సహజ నీలిమందు ఉత్పత్తి 1914 నాటికి 1,000 టన్నులకు పడిపోయింది. బీహార్‌లోని చంపారన్‌లో నీలి తోటల దొరలు ఆ నష్టాన్ని కౌలు పెంపుగా రైతుల నెత్తిన రుద్దారు. 1917లో గాంధీ అక్కడికి వెళ్లడానికి కారణమైన గొడవల్లో ఇదొకటి.

బార్బిట్యూరిక్ ఆమ్లం, ఫ్లోరెసిన్ కూడా బేయర్ తయారు చేసినవే. ఇంటర్ ల్యాబులో క్షారం తగలగానే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్‌ను 1871లో మొదట తయారు చేసిందీ ఈయనే.