పన్నెండు దాటితే ద్వీపాంతరమే

మధ్యాహ్నం పన్నెండు దాటాక తెలిసి తెలిసి పెళ్లి జరిపించిన పాదిరికి పద్నాలుగేళ్ల ద్వీపాంతరవాసం! 1823 నాటి ఇంగ్లండు వివాహ చట్టంలో నిజంగా ఉన్న శిక్షే ఇది. పెళ్లి ఉదయం ఎనిమిదికీ పన్నెండుకీ మధ్యే జరగాలి. కాదంటే కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. భద్రాచలంలో సీతారాముల కళ్యాణానికి అభిజిత్ లగ్నం కుదిరే వేళకే అక్కడ ముహూర్తాలు ముగిసిపోయేవన్నమాట.

ఈ గంటల లెక్క 1604 నాటి చర్చి నిబంధనల్లోనే ఉంది. దొంగచాటు పెళ్లిళ్లు ఆగాలంటే తంతు పట్టపగలు, నలుగురి ఎదుట జరగాలి.

పన్నెండులోపు పెళ్లయితే విందు మధ్యాహ్నమే. విక్టోరియా కాలంలో దాని వైభవమే వేరు. 1840 ఫిబ్రవరి 10న రాణిగారి పెళ్లి కేకు బరువు 300 పౌన్లు, చుట్టుకొలత తొమ్మిది అడుగులు. పైన చక్కెరతో వధూవరుల బొమ్మలు, అదీ ప్రాచీన రోమన్ దుస్తుల్లో! వరుడి కాళ్ల దగ్గర విశ్వాసానికి గుర్తుగా కుక్క, వధువు పాదాల చెంత గువ్వల జంట.

మామూలు గృహిణులకు దారి చూపింది ఇసబెల్లా బీటన్. 1861లో పుస్తకంగా వచ్చిన ఆమె గృహనిర్వహణ గ్రంథంలో, జూలైలో డెబ్బై ఎనభై మందికి పెట్టే పెళ్లి విందుకు సరిపోయే జాబితా ఉంది. హామ్, కోడి, లాబ్‌స్టర్ సలాడ్, జెల్లీలు... దాదాపు అన్నీ చల్లటివే. పెద్ద పళ్లేలు, ఎత్తైనవి బల్ల నడుమ వరసగా పెట్టమంటుంది. పెళ్లివారు చర్చి నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా వంటకాలు చల్లారిపోతాయన్న బెంగ లేదు.

1886లో పెళ్లి గడువు మూడింటికి, 1934లో ఆరింటికి జరిగింది. 2012లో చట్టంలోంచి గంటల లెక్కే పోయింది. పనిమానుకుని పెళ్లికి రాలేనివాళ్లకు ఇది మేలే. కానీ దీపాలు పెట్టకముందే ముసలీ ముతకా కడుపునిండా తిని ఇల్లు చేరే సుఖం పోయింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో మరో చిత్రం. 1940లో కేకు మీద చక్కెర పూత నిషేధించారు. దాంతో పెళ్లివారు తెల్లటి అట్ట కేకు అద్దెకు తెచ్చేవారు. ఫొటో అయ్యాక పైతొడుగు ఎత్తితే, కింద చిన్న కేకు ముక్క!

మన దేశంలో 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కాస్త ఉదారం: ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా. ప్రత్యేక మినహాయింపు లేకుండా ఆ వేళ తప్పించి పెళ్లి జరిపిస్తే మూడేళ్ల దాకా జైలు. గుంటూరులోనైనా, సికింద్రాబాదులోనైనా చర్చి పెళ్లికి ఇదే గడియారం. రిసెప్షన్ బిర్యానీ ఎన్నింటికి వడ్డించాలో మాత్రం ఆ చట్టం చెప్పలేదు.