లస్కరు గారి డాలు

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు అడిగిన నాటికి నా బల్ల మీద ఒక డాలు బొమ్మ సగం గీసి ఉంది. దాని సంగతే రాస్తున్నాను.

ఇంగ్లండులో చదువుకుంటున్న మా మనవడు ఫోన్ చేసి, "తాతయ్యా, మన వంశచిహ్నం ఏమిటి?" అన్నాడు. అక్కడ ఇంటిపేరు చెబితే చాలు, సింహం బొమ్మ వేసి అమ్మే దుకాణాలున్నాయట. నిజానికి ఇంగ్లండు పద్ధతిలో ఇంటిపేరుకు చిహ్నం ఉండదు. 1484 నుంచి లండనులో ఉన్న కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ దాన్ని ఒక మనిషికి ఇస్తుంది, ఆయన సంతతికి అది సంక్రమిస్తుంది. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ గారికి 1995లో గార్టర్ బిరుదు వచ్చింది. ఆయన చిహ్నంలో డాలుకు అటూ ఇటూ పెంగ్విన్లు, పైన మంచుగొడ్డలి పట్టిన కివీ పక్షి. దక్షిణ ధ్రువం దాకా వెళ్ళిన మనిషని వేరే చెప్పనక్కరలేదు.

మనకూ ఈ ఆనవాయితీ ఉంది. గన్నవరం నుంచి ఏలూరు దాటి వెళితే వచ్చే పెదవేగి ఒకనాటి వేంగి. దాన్ని ఏలిన తూర్పు చాళుక్యుల దానశాసనాలు రాగిరేకుల మీద ఉండేవి. రేకులకు చిల్లి పొడిచి, కడియం దూర్చి, దాని కొసలను గుండ్రటి ముద్రలో కలిపి బిగించేవారు. ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం వంటివి ఉండేవి. వరాహం వంశానిది. కానీ 7వ శతాబ్దంలో ఆ వంశాన్ని ఇక్కడ నిలిపిన కుబ్జ విష్ణువర్ధనుడి ముద్ర మీద "విషమసిద్ధి" అని ఆయన సొంత బిరుదు ఉంది. నేల మీదా నీటి మీదా దుర్గమమైన చోట్ల గెలిచాడు గనుక ఆ పేరు. నన్ను పట్టుకున్నది ఆ "నీటి" మాటే.

మా నాన్నగారు కాలవ లాకుల దగ్గర లస్కరు. 1952లో కృష్ణ ఆనకట్టకు గండి పడిన నాటికి ఆయన ఉద్యోగంలోనే ఉన్నారు. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చాక కూడా చేశారు. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని వెళ్ళి గేజి చూసి, షట్టరు చక్రం తిప్పి వచ్చేవారు. నేను అదే శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను గనుక గీత గీయడం వచ్చు. డాలు అడుగున నీలం, తెలుపు అలల చారలు వేశాను. ఐరోపా చిహ్నాల్లో నీటికి అదే గుర్తు. పైభాగం నలుపు, అందులో పసుపు లాంతరు. ముదురు రంగు మీద పసుపో తెలుపో ఉండాలన్నది వాళ్ళ నియమం, దూరానికి కనబడాలి కదా. పక్కన షట్టరు చక్రం. అటూ ఇటూ పెంగ్విన్లకు బదులు మన కొంగలు.

మా అన్నయ్యకు ఇది నచ్చలేదు. "సింహమైతే హుందాగా ఉంటుంది. లస్కరు పని ఊరందరికీ చాటాలా?" అన్నాడు. పెళ్ళిసంబంధాలప్పుడు నాన్నగారి ఉద్యోగాన్ని "ఇరిగేషన్లో" అని చెప్పి ఊరుకునేవాళ్ళం. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. అందుకే ఈసారి నేను తగ్గలేదు. రెండు వారాలు మాటల్లేవు.

మొన్న ఆదివారం వచ్చి కళ్ళజోడు పెట్టుకుని బొమ్మ చాలాసేపు చూశాడు.

"లాంతరు తప్పు గీశావురా. నాన్న ఆ పిడికి గుడ్డ చుట్టేవారు," అన్నాడు.

రబ్బరు తీసుకున్నాను.