చావుకబురు బాటలో శుభవార్త: కర్నూలు, కడప సీమల్లో క్రైస్తవ వ్యాప్తికి నిత్యజీవన మార్గాలు

లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో తన కేంద్రాన్ని నెలకొల్పింది. అంతకు పన్నెండేళ్ల ముందే బళ్లారిలో పని మొదలుపెట్టిన ఆ సంస్థకు కడప ఒక కొనసాగింపు మాత్రమే. తొలి బోధకుడు విలియం హోవెల్ సుమారు రెండు దశాబ్దాలు అక్కడ ఉన్నాడు. బజారులో నిలబడి బోధించడం, కరపత్రాలు పంచడం, బడులు నడపడం, చలికాలంలో గుడారాలు వేసుకొని పల్లెలు తిరగడం అప్పటి మిషనరీల దినచర్య. అంత శ్రమకు కనిపించిన ఫలితం స్వల్పం. కడప పట్టణంలో ఏర్పడిన చిన్న సంఘం చుట్టుపక్కల పల్లెలను కదిలించలేదు. అయితే 1850 ప్రాంతంలో పరిస్థితి మారింది. జమ్మలమడుగు పరిసరాల నుంచీ నేటి నంద్యాల ప్రాంతం నుంచీ మాలపల్లెలు గుంపులు గుంపులుగా కబురు పెట్టసాగాయి. బోధకుడు వారిని వెతుక్కుంటూ పోవడం తగ్గి, వారే బోధకుణ్ణి వెతుక్కుంటూ రావడం మొదలైంది.

ఈ మార్పు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు మిషన్ చరిత్రలు సాధారణంగా దొరల పేర్లతో జవాబు చెబుతాయి. కడపలో హోవెల్ తరువాత ఎడ్వర్డ్ పోర్టర్ వచ్చాడనీ, ఇంగ్లండు సంఘానికి చెందిన ఎస్.పి.జి. పక్షాన జాన్ క్లే 1850ల మధ్యలో ముత్యాలపాడు చేరాడనీ, ఆ తరువాత నంద్యాల, కలసపాడు కేంద్రాలయ్యాయనీ వరుసగా చెప్పుకుపోతాయి. ఈ వరుస తప్పు కాదు. కాని దొర గుడారం వేసేనాటికే ఆ పల్లెకు మాట చేరి ఉన్నదన్న సంగతి ఇందులో మరుగున పడిపోతుంది. ఆ మాటను మోసినవాళ్లు జీతం తీసుకున్న బోధకులు కారు. తమ పనిమీద తాము ఊళ్లు తిరిగినవాళ్లు, బంధువుల ఇళ్లకు పోయినవాళ్లు, ఒకే మగ్గం గుంటకు అటూ ఇటూ కూర్చున్నవాళ్లు. రాయలసీమ క్రైస్తవ చరిత్రలో వీరి పాత్ర ప్రధానమైనదే గాని, అనుబంధంగా చెప్పి వదిలేయదగినది కాదు.

ఆధారాల స్వభావమే ఇందుకు కొంత అడ్డు. 1875లో గ్రిబుల్ వెలువరించిన కడప జిల్లా మాన్యువల్ గాని, 1886లో నరహరి గోపాలకృష్ణమచెట్టి రచించిన కర్నూలు జిల్లా మాన్యువల్ గాని పాలనావసరాలకు పుట్టిన గ్రంథాలు. మిషన్ వార్షిక నివేదికలు స్వదేశంలోని దాతల కోసం రాసినవి. ఎన్ని ప్రసంగాలు, ఎన్ని పుస్తకాలు, ఎందరికి బాప్తిస్మం అన్న లెక్క వాటిలో ఉంటుంది. పొలం గట్టున ఇద్దరు మాట్లాడుకున్న మాటకు ఏ పట్టికలోనూ గడి లేదు. అది ‘ఫలానా ఊరివాడు తన బంధువు ద్వారా విని వచ్చాడు’ అన్నట్టు ఒక్క వాక్యంగా తొంగిచూసి మాయమవుతుంది. చరిత్రకారుడు పట్టుకోవలసింది ఆ ఒక్క వాక్యాన్నే.

ఈ ప్రాంతపు మాలల జీవనాన్ని గమనిస్తే ఆ వాక్యం వెనుక ఉన్న మార్గాలు తెలుస్తాయి. వ్యవసాయ కూలీతో పాటు ముతక బట్ట నేయడం వారి వృత్తి. నూలు కొనడానికీ గుడ్డ అమ్మడానికీ వారపు సంతకు పోక తప్పదు. వాన ఆధారంగా బతికే నేల కాబట్టి పని దొరికిన దిక్కుకు కదలక తప్పదు. పైగా గ్రామ సేవకులుగా కబుర్లు మోయడం వారికి కట్టిపెట్టిన బాధ్యత. ఊళ్లో పెద్ద రైతు కన్నుమూస్తే పొరుగూళ్ల బంధువులకు చావుకబురు చేర్చవలసినవాడు మాలవాడే. ‘సువార్త’ అన్న మాటకు మంచి కబురు అని అర్థం. తరతరాలుగా చెడ్డ కబురు మోసిన కాళ్లే ఆ కబురునూ మోశాయి. బాట కొత్తది కాదు.

వివాహ సంబంధాలు మరో మార్గం. ఆడబిడ్డను ఇచ్చిన ఊరు, కోడలిని తెచ్చుకున్న ఊరు అంటూ ప్రతి మాలపల్లె అయిదారు పల్లెలతో ముడిపడి ఉండేది. ఒక ఇంట్లో మార్పు వస్తే పెళ్లి, పురుడు, దినాల సందర్భంగా ఆ వార్త ఆ పల్లెలన్నింటికీ పోతుంది. ఇక్కడ స్త్రీల పాత్ర పెద్దది. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ కొత్త పాట ఒకటి పాడితే, ఆ పాట ఎక్కడిదని తల్లి అడగకుండా ఉండదు. ఇలాంటి సంభాషణలు ఏ నివేదికకూ ఎక్కకపోయినా, ఒకే బంధువర్గానికి చెందిన పల్లెలు వరుసగా బోధకుణ్ణి పిలవడానికి ఇంతకంటే సహజమైన వివరణ కనబడదు.

విత్తనం పడేనాటికి నేల బీడుగా కూడా లేదు. కందిమల్లాయపల్లెలో సమాధి అయిన పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య ఉన్నారని సంప్రదాయం చెబుతుంది. అచల, రాజయోగ గురువులు అంటరాని వాడల్లోనూ శిష్యులను చేర్చుకున్నారు. ‘బోధ తీసుకోవడం’ అన్న పలుకుబడి ఆ వాడలకు ముందే తెలుసు. క్రైస్తవ పరిభాషలోకి బోధ, బోధకుడు, గురువు అన్న మాటలు అంత తేలికగా ఒదగడానికి ఈ పూర్వరంగమే కారణం. విగ్రహం లేని దైవాన్ని గురించి రాత్రిపూట గుంపుగా కూర్చొని మాట్లాడుకోవడం వారికి వింత కాదు.

ఈ మార్గాలన్నీ ఒకే మనిషిలో కలిసిన ఉదాహరణ కర్నూలు సరిహద్దుకు ఆవల, కనిగిరి ప్రాంతపు తాళ్లకొండపాడులో ఉంది. అక్కడి ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి, రాజయోగంలో శిష్యులున్న గురువు. వ్యాపారం మీద ఏలూరు దిక్కుకు పోయినప్పుడు అలెగ్జాండర్ అనే మిషనరీ బోధ విన్నాడు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ చేతులమీదుగా బాప్తిస్మం పొందాడు. 1867 తొలినాళ్లలో జాన్ క్లౌ తాళ్లకొండపాడు చేరేసరికి పేరయ్య అప్పటికే చుట్టుపట్ల బంధువులకు చెప్పి సిద్ధం చేసి ఉంచాడు. వాళ్లు తమ తిండి తాము కట్టుకొని వచ్చి తోపులో దిగారు. క్లౌ చేసినది ప్రధానంగా విని, ప్రశ్నించి, బాప్తిస్మమివ్వడం. ఒంగోలు మిషన్‌గా పేరు పొందిన మహోద్యమానికి మొదలు ఇదే. అది పడమటికి పాకి, ఆనాడు కర్నూలు జిల్లాలో భాగమైన కంభం, మార్కాపురం తాలూకాల్లోకి వచ్చింది. ఈ కథ ఇంత వివరంగా మిగలడానికి కారణం, ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వృద్ధ మాదిగ బోధకుల నోట వారి జీవితాలను విని 1899లో పుస్తకంగా ప్రచురించడం. కడప, ముత్యాలపాడు మాలలకు అలాంటి రచయిత్రి దొరకలేదు. వారి పేరయ్యలు ఎవరో మనకు దక్కలేదు.

అయితే ఈ మార్గాలను కీర్తించి ఊరుకోవడం చరిత్ర కాదు. బంధుత్వపు బాట కులం గట్టు దగ్గర ఆగిపోతుంది. లండన్ మిషన్, ఎస్.పి.జి. సంఘాలు ప్రధానంగా మాలలతోనూ, బాప్టిస్టు సంఘాలు ప్రధానంగా మాదిగలతోనూ నిండడం యాదృచ్ఛికం కాదు. మాట ఎవరి ఇంటి నుంచి బయలుదేరిందో వారి వియ్యంకుల ఇళ్లకే చేరింది. ఒకే ఊళ్లో మాలవాడలో ప్రార్థన జరుగుతుంటే, కొద్ది గజాల దూరంలోని మాదిగవాడకు ఆ పిలుపు అందకపోవడం, అందినా తమది కాదనిపించడం సాధారణం. వ్యాప్తికి బలమిచ్చిన నిర్మాణమే దాని హద్దునూ గీసింది. సంఘంలో కులం ఎందుకు మిగిలిందన్న ప్రశ్నకు మిషనరీల రాజీ ధోరణిని మాత్రమే కారణంగా చూపే పరిశోధకులు ఈ సంగతిని తగినంత పట్టించుకోలేదు.

1876–78 నాటి ధాతు కరువు ఈ సీమను నాశనం చేసింది. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా తన జనాభాలో నాలుగో వంతుకు పైగా కోల్పోయింది. గంజికోసం మతం మారారన్న విమర్శ ఆనాటి నుంచే ఉంది. దానిని పూర్తిగా తోసిపుచ్చనక్కరలేదు. ఆకలి మనిషి చేత ఎన్నో తలుపులు తట్టిస్తుంది. కాని ఈ అనుమానం రాకూడదనే క్లౌ కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపివేశాడు. సహాయం దాదాపుగా ముగింపుకు వచ్చాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో క్లౌ తీసుకున్న గుత్తపని దగ్గర కూలీలతో కలిసి పనిచేసిన బోధకులు, విరామ సమయాల్లో వారితో మాట్లాడుతూ వచ్చారు. గంజి ఒక్కటే కారణమైతే కరువు తీరిన తరువాత అంతమంది రావలసిన అవసరం కనబడదు. పనిచోట కుదిరిన పరిచయాన్ని విడిచి ఆ సంఖ్యను వివరించడం కష్టం.

నోటితో చెప్పని సాక్ష్యం మరొకటుంది. తన దగ్గరికి వచ్చినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి చిన్నవే. కాని కోతల కాలంలో ఒకరోజు పనికి రానన్న కూలివాడు ఊరి మొత్తానికి సమాధానం చెప్పుకోవాలి. జాతరలో డప్పు పట్టనన్న మాదిగ ఊరి కట్టుబాటును ఎదిరించినట్టే. పని ఇవ్వకపోవడం, నీళ్లు తోడనివ్వకపోవడం, కొట్టడం ఇందుకు వచ్చిన ప్రతిఫలాలు. మనవాడు ఎందుకు ఇలా చేస్తున్నాడన్న ప్రశ్న రైతు నోట పుట్టింది కూడా అక్కడే. బజారు ప్రసంగం పుట్టించలేని ప్రశ్న అది.

తరువాతి దశలో ఈ నిత్య సంపర్కానికి కేంద్రం పల్లె పంతులు. పగలు పిల్లలకు ఓనమాలు, రాత్రి పెద్దలకు పాట, ప్రార్థన. ఆపైన ఉత్తరం చదివి పెట్టడం, తాలూకా కచేరీకి అర్జీ రాయడం కూడా అతని పనే. అక్షరం వాడకు కొత్తగా వచ్చిన శక్తి. అర్జీ రాయించుకోవడానికి వచ్చిన క్రైస్తవేతరుడు గోడమీది పటాన్ని చూసి ఇదేమిటని అడిగితే, అదే ఆ రోజు బోధ. జమ్మలమడుగులో 1890లలో వైద్యుడు టి.వి. క్యాంబెల్ నడిపిన ఆసుపత్రి ఇంకో విధంగా గోడలను పలచబరిచింది. వాడలోకి ఎన్నడూ అడుగుపెట్టని కులాలవారు రోగులై అక్కడికి వచ్చి రోజుల తరబడి ఉండవలసి వచ్చింది. బంధుత్వం దాటలేని గట్టును రోగం దాటించింది.

తెలుగు భాషాచరిత్రకు సంబంధించి ఇక్కడ రెండు అంశాలు గమనించవలసి ఉన్నాయి. మొదటిది ‘సాక్ష్యం’ అన్న మాట. న్యాయస్థానంలో చూసినది చెప్పడం దాని అర్థం. క్రైస్తవ వాడుకలో అది ఒక కథన ప్రక్రియ పేరైంది: తాను ఎలా ఉండేవాడో, ఏమి జరిగిందో, ఇప్పుడెలా ఉన్నాడో నలుగురి ముందు తన మాటల్లో చెప్పడం. చదువురాని కూలీ తన జీవితాన్ని ఉత్తమ పురుషలో సభముందు కథగా చెప్పే అవకాశం అంతకు ముందు తెలుగు సమాజంలో ఎంతమందికి ఉండేది? ఆత్మకథా సాహిత్య చరిత్ర రాసేవారు ఈ మౌఖిక ప్రక్రియను ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

రెండవది భాషాస్థాయి. 18వ శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’లో క్రీస్తు కథను ప్రౌఢ కావ్యంగా నిర్మించాడు. దాని పాఠకులు పండితులు. మాలపల్లెలకు చేరినది పాట. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటివారి కీర్తనలు తెలిసిన రాగాల్లో, తెలిసిన తాళాల్లో ఉండడం వల్ల పుస్తకం లేకుండానే నోటికి వచ్చాయి. మగ్గం దగ్గరా కలుపులోనూ పాడుకోదగిన రూపం అది. మిషనరీల్లోనూ కొందరు ఈ సంగతి గ్రహించారు. కడపలో దీర్ఘకాలం పనిచేసిన విలియం హోవర్డ్ క్యాంబెల్ వేమనను ప్రజల కవిగా కొనియాడుతూ ఆంగ్లంలో వ్యాసం రాశాడు. ఈ సీమ రైతు నాలుకమీద ఉన్నది వేమనేనని అతనికి సంతల్లోనే బోధపడి ఉండాలి.

ఇంతవరకు దానంతట అది జరిగిన దానిని ఒక పద్ధతిగా మార్చినవాడు దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య. 1912లో అభిషిక్తుడైన ఆయన పాలన కిందికి తరువాత నంద్యాల ప్రాంతపు సంఘాలు కూడా వచ్చాయి. కొత్తగా బాప్తిస్మం పొందినవారు తమ చెయ్యి తమ తలమీద ఉంచుకొని, తాము బాప్తిస్మం పొందినవారమనీ సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అనీ పలకాలని ఆయన నియమం. ఏడాదికొక వారం సామాన్య విశ్వాసులు పొరుగూళ్లకు పోయి సాక్ష్యమిచ్చే ఏర్పాటు జరిగింది. వంటకు కొలిచిన గింజల్లో స్త్రీలు పిడికెడు తీసి సంఘానికి పక్కన పెట్టే అలవాటూ ఈ సంఘాల్లో పాతుకుంది. మాలమాదిగ సంఘాల ప్రవర్తనను చూసి శూద్రకులాలు కదిలిన తీరును 1930లలో పికెట్ సామూహిక ఉద్యమాల పరిశీలనలో ప్రత్యేకంగా చర్చించాడు. కూలివాడి మాట రైతు ఇంటికి చేరడం కొత్త పరిణామం.

వారం పెట్టి చేయించిన సాక్ష్యానికీ, చావుకబురు చెప్పడానికి పోయి అరుగుమీద నీళ్లు తాగుతూ చెప్పిన మాటకూ తేడా ఉంది. మొదటిదానికి రాబడి లెక్క ఉంది, తేదీ ఉంది, సంఖ్య ఉంది. 1850 ప్రాంతంలో జమ్మలమడుగు పల్లెలను కదిలించినది రెండవది. దాని జాడ కోసం నివేదికలను కాక, ఆ పల్లెల పాత సంఘాల బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లను పక్కపక్కన పెట్టి చదవాలి. ఏ ఊరి పిల్ల ఏ ఊరికి కోడలైందో, ఆ తరువాత ఎన్నేళ్లకు ఆ ఊరి మొదటి బాప్తిస్మం నమోదైందో వాటిలోనే దొరుకుతుంది.