అండాశయ క్యాన్సర్‌లో పేగు అవరోధం, నోటి మందులు

అండాశయ క్యాన్సర్ ఉదరపొర మీదుగా వ్యాపించి పేగును నొక్కేయడం వల్ల ఆహారం, మందులు ముందుకు కదలని స్థితిని పేగు అవరోధం అంటారు. మింగిన మందులు ప్రధానంగా చిన్నపేగులోనే రక్తంలోకి చేరతాయి. అందువల్ల అవరోధం, వాంతులు, పేగులో కొంత భాగం తొలగించిన శస్త్రచికిత్స శరీరానికి అందే మోతాదును అనిశ్చితం చేస్తాయి. ఉదాహరణకు, అమెరికాలో 2014 డిసెంబరులో అనుమతి పొందిన అండాశయ క్యాన్సర్ నోటి మందు ఒలాపరిబ్‌ను తొలుత 50 మి.గ్రా. గుళికలుగా రోజుకు 16 వాడేవారు. 2017లో వచ్చిన 150 మి.గ్రా. మాత్రలు పూటకు రెండు చొప్పున రోజుకు నాలుగే. మాత్రను నమలకూడదు, పొడి చేయకూడదు. వాంతి అయినా మరో మాత్ర ఇవ్వరు. తర్వాతి మోతాదు వేళకే ఇస్తారు. ఈ మందు కూడా వికారం, వాంతులు కలిగిస్తుంది కాబట్టి వాటిని అవరోధ లక్షణాల నుంచి వేరుచేసి గుర్తించడం అత్యవసరం. పేగు పూర్తిగా మూసుకుపోతే నోటి మందు ఆపి, సిర ద్వారా ద్రవాలు ఎక్కిస్తారు. ముక్కు గొట్టంతో జీర్ణాశయాన్ని ఖాళీ చేస్తారు. తట్టుకోగలిగినవారికి పాక్లిటాక్సెల్ వంటి కీమోథెరపీ మందులను సిర ద్వారా ఇస్తారు.