ఈటె నడచిన దారి

ఫిన్లాండు రాజధానియగు హెల్సింకి నగరమున ఒలింపిక్ క్రీడాంగణము ప్రక్కన తెల్లని గోపురమొకటి నిలిచియున్నది. దాని యెత్తు 72 మీటర్ల 71 సెంటీమీటర్లు. ఈ లెక్క ఏ వాస్తుశాస్త్ర నియమమును బట్టి యేర్పడినది కాదు. 1932లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో ఆ దేశీయుడైన మట్టి జార్వినెన్ ఈటెను ఎంత దూరము విసరి స్వర్ణపతకము గొనెనో, సరిగా అంత యెత్తున దానిని కట్టిరి. రాజులకును యుద్ధవిజేతలకును కీర్తిస్తంభముల నెత్తుట లోకమున సర్వసాధారణము. ఒక్క విసురునకు స్తంభమెత్తిన దేశము మఱియొకటి నేనెఱుగను. స్త్రీల ఈటె పోటీ ప్రపంచ క్రీడాంగణమున నడచిన దారిని కొలుచుటకు ఈ గోపురముకన్న మంచి కొలబద్ద నాకు దొరకలేదు.

ఆ 1932లోనే, ఆ లాస్ ఏంజెలెస్ నగరముననే, స్త్రీల ఈటె పోటీయు ఒలింపిక్ క్రీడలలో తొలిసారి ప్రవేశించినది. అమెరికా యువతి బేబ్ డిడ్రిక్సన్ 43 మీటర్లు దాటించి గెలిచెను. పురుషుల ఈటె 800 గ్రాముల బరువు గలది. స్త్రీలది 600 గ్రాములు, నిడివి సుమారు రెండుంబావు మీటర్లు. మన భారతమున తోమరమను పేర వినవచ్చు ఆయుధమునకు ఇది దగ్గఱి చుట్టము. కాని యుద్ధమున గుఱి ప్రధానము, క్రీడలో దూరమే సర్వస్వము. ఇరువది యేండ్ల తరువాత, 1952 ఒలింపిక్ క్రీడలయందు, హెల్సింకి గోపురపు నీడలోనే చెకోస్లొవాకియా వనిత డానా జాటోపెకోవా 50.47 మీటర్లు విసరి విజేత యయ్యెను. ఆ దినముననే ఆమె భర్త ఎమిల్ జాటోపెక్ 5000 మీటర్ల పరుగున స్వర్ణము గెలుచుకొనియుండెను. భార్యాభర్తలు పుట్టినది ఒకే సంవత్సరమున, ఒకే తేదీన. గెలిచినదియు ఒకే దినమున. ఇట్టి ముచ్చట క్రీడాచరిత్రమున అరుదు.

ఒలింపిక్ క్రీడలే ప్రపంచపు పెద్ద పోటీగా చెల్లిన ఆ కాలమున తూర్పు జర్మనీ వనిత రూత్ ఫుక్స్ 1972లోను 1976లోను వరుసగా గెలిచెను. 1980లో క్యూబాకు చెందిన మరియా కోలోన్ పతకమును ఐరోపాఖండము వెలుపలికి తీసికొనిపోయెను. అథ్లెటిక్సునకు ప్రత్యేకముగా ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు 1983లో మొదలైనవి. మొదలైన చోటు మఱల హెల్సింకియే.

ఆ తొలి పోటీని గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది. నాటి నియమము ప్రకారము ఈటె పోటీలో తుది దశకు వచ్చిన వారికి ముందు మూడు విసురులు. వారిలో మొదటి యెనమండ్రకు మఱి మూడు. అనగా ఆఱవ విసురు ముగియువరకు ఆ యెనమండ్రలో ఎవ్వరి స్థానమును స్థిరము కాకుండెను. ఆతిథ్యమిచ్చిన ఫిన్లాండు ప్రజల ఆశ లన్నియు టీనా లిల్లాక్ మీదనే నిలిచినవి. కొద్ది వారములకు ముందు టాంపెరె నగరమున ఆమె 74.76 మీటర్లు విసరి ప్రపంచరికార్డు నెలకొల్పియుండెను, ఆ దూరము గోపురపు టెత్తును దాటినది. కాని పోటీ మొదలగుటతోడనే బ్రిటన్ యువతి ఫాతిమా విట్‌బ్రెడ్ తొలి విసురుననే 69.14 మీటర్లు చేర్చెను. లిల్లాక్ ఐదు విసురులును దానిని మించలేదు. ఆఱవ విసురున, అదియే చివఱిది, ఆమె ఈటె 70.82 మీటర్ల వద్ద నేలను గ్రుచ్చెను. ఆమె ఆనందము పట్టలేక మైదానము వెంట పరుగెత్తగా, క్రీడాంగణమంతయు లేచి నిలిచెనని నాటి వర్ణనలు చెప్పుచున్నవి. ఆ పోటీలన్నిటను ఫిన్లాండునకు దక్కిన స్వర్ణము అదియొక్కటియే. మగవాని విసురునకు గోపురము కట్టిన దేశమునకు ఆ పూట మానము నిలిపినది ఆడుదాని విసురే గదా!

ఓడిన ఫాతిమా కథ యింతకన్నను హృదయమును కదల్చునది. పసితనముననే తల్లి విడిచిపోగా అనాథ శిశుగృహములలో పెరిగి, తుదకు ఈటె శిక్షకురాలగు మార్గరెట్ విట్‌బ్రెడ్ దత్తత గొనిన పిల్ల యామె. తల్లియు, గురువును ఒక్కరియందే ఆమెకు లభించిరి. 1986లో స్టుట్‌గార్ట్ నగరమున జరిగిన ఐరోపా పోటీలలో, అర్హతా పరీక్షలోనే 77.44 మీటర్ల ప్రపంచరికార్డు విసరెను. 1987లో రోము నగరమున రెండవ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు తూర్పు జర్మనీకి చెందిన పెట్రా ఫెల్కేను ఓడించి 76.64 మీటర్లతో విజేత యయ్యెను. ప్రపంచ ఛాంపియన్‌షిప్ చరిత్రమున స్త్రీల ఈటె అంతకు మించిన దూరము నేటివరకు పోలేదు. మఱుసటి యేడు, 1988 సెప్టెంబరున, పాట్స్‌డామ్ నగరమున ఫెల్కే సరిగా 80 మీటర్లు విసరెను.

ఈ యంకెలను మాత్రమే చూచువాడు ఆ పిమ్మట ఈ క్రీడ క్షీణించెనని తలపోయును. నేనట్లు తలపను. ఆ దశాబ్దపు దూరముల కొన్నింటి వెనుక నాటి తూర్పు జర్మనీ ప్రభుత్వము క్రీడాకారిణులకు మందులిప్పించిన దుర్నీతి యున్నదని ఆ రాజ్యము కూలిన తరువాత వెలువడిన కవిలెలు చాటినవి. ఆ మచ్చ ఏ ఒక్క స్త్రీది కాదు, ఆ పాలనది. ఇక రెండవ కారణము ఈటెయే. పాత ఈటె గాలిలో తేలిపోయి, తఱచుగా మొనతో గాక అడ్డముగా నేలబడుచుండుటచేత కొలుచుట న్యాయనిర్ణేతలకు కష్టమగుచుండెను. పురుషుల ఈటెకు 1986లో జరిగిన మార్పు స్త్రీల ఈటెకు 1999లో జరిగినది. గురుత్వకేంద్రమును మొనవైపునకు జరుపగా, ఈటె ముందుగా తలవంచి మొనతో నేల గ్రుచ్చుకొనుట యలవడినది. దూరము కొంత తగ్గినది, న్యాయము హెచ్చినది. రికార్డుల పట్టికయు ఆ యేడు మఱల మొదటినుండి ప్రారంభమైనది. ఆ కొత్త ఈటెతో తొలి ప్రపంచ విజేత, అదే యేడు సెవిల్ నగరమున, అల్బేనియాలో పుట్టి గ్రీసు తరఫున ఆడిన మిరెలా మంజాని.

అంతకు మునుపే ఈటె ఉత్తర ఐరోపా వారి సొత్తు కాకుండ పోయినది. 1991లో టోక్యోలో చైనా యువతి షూ దెమెయి, 80 మీటర్ల రికార్డు గల ఫెల్కేను పది సెంటీమీటర్ల తేడాతో వెనుకకు నెట్టినది. అయినను ఉత్తర ఐరోపాలోని నార్వేకు చెందిన ట్రీనె హాటెస్టాడ్ 1993, 1997 సంవత్సరములలో గెలిచినది. 2005లో ప్రపంచ పోటీలు హెల్సింకికి తిరిగి వచ్చినప్పుడు క్యూబా వనిత ఓస్లెయిడిస్ మెనెండెజ్ 71.70 మీటర్లు విసరి, కొత్త ఈటెతో ప్రపంచరికార్డు నెలకొల్పెను. మూడేండ్లకు చెక్ దేశపు బార్బొరా ష్పొటాకోవా దానిని 72.28 మీటర్లకు పెంచెను. ఆ రికార్డు నేటికిని నిలిచియున్నది. హెల్సింకి గోపురపు టెత్తును చేరుటకు దానికి కొఱతపడినది నలుబదిమూడు సెంటీమీటర్లు మాత్రమే.

జర్మనీ వనిత ష్టెఫీ నెరియుస్ 2003, 2005, 2007 సంవత్సరములలో కాంస్యమునకే పరిమితమై, ముప్పదియేడేండ్ల ప్రాయమున, 2009లో సొంత దేశపు బెర్లిన్ మైదానమున, తొలి విసురుననే 67.30 మీటర్లతో స్వర్ణము పొందెను. ఆమె దేశీయురాలే క్రిస్టీనా ఓబెర్గ్‌ఫోల్ 2005లోను 2007లోను రజతముతో సరిపెట్టుకొని 2013లో మాస్కోలో గెలిచెను. ఇట్టి నిరీక్షణలను చదువునప్పుడు పతకముల పట్టిక నాకు వట్టి పట్టికగా తోచదు.

తుది విసురు మహిమ లిల్లాక్‌తో ముగియలేదు. 2015లో బీజింగున చైనా యువతి ల్యూ హుయిహుయి స్వజనుల జయధ్వానముల నడుమ ముందుండగా, జర్మనీకి చెందిన కథరీనా మోలిటర్ ఆఱవ విసురున 67.69 మీటర్లు విసరి స్వర్ణము లాగికొనెను. 2019లో దోహాలో ఆస్ట్రేలియాకు చెందిన కెల్సీ-లీ బార్బర్ చేసినదియు అదియే. 2022లో యూజీన్ నగరమున మఱల గెలిచి, ఈ పోటీలో వరుసగా రెండుసార్లు విజేతయైన తొలి వనిత యయ్యెను. 2023లో బుడాపెస్టున కొలంబియా వనిత ఫ్లోర్ రూయిజ్ ముందుండగా, జపాను యువతి హరుకా కితగుచి చివఱి విసురున 66.73 మీటర్లు చేర్చెను. చెక్ దేశమునకు పోయి, ఆ భాషయు నేర్చి, అచ్చటి గురువువద్ద శిక్షణ పొందిన ఈ జపాను పిల్లను చూచిన, డానా జాటోపెకోవా నాటి విద్య ఇంకొక ఖండమున మొలకెత్తినట్లు తోచును.

మన దేశమునకును ఈ చరిత్రలో చోటు కలదు. 1958 టోక్యో ఆసియా క్రీడలలో ఎలిజబెత్ డావెన్‌పోర్ట్ రజతము గెలిచినది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఈటె తుదిపోటీని చేరిన తొలి భారత వనిత మాత్రము మీరట్ ప్రాంతపు రైతుబిడ్డ అన్నూ రాణి. చెఱకు గడలను విసరి అభ్యాసము మొదలిడిన ఆమె, 2019లో దోహాలో ఎనిమిదవ స్థానమును, 2022లో యూజీన్‌లో ఏడవ స్థానమును పొంది, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 62.92 మీటర్లతో స్వర్ణము తెచ్చినది. చెఱకుతోట గట్టునుండి ఆ మైదానమువరకు గల దూరమును ఏ కొలతటేపుతో కొలువవలెను?

2025లో టోక్యోలో కితగుచి సొంత ప్రజల ముందు తుదిపోటీకే అర్హత పొందలేకపోయెను. ఎవ్వరును ఊహింపని ఈక్వడార్ యువతి హులెయిసి అంగులో 65.12 మీటర్లతో స్వర్ణము గెలిచెను. రజతము లాత్వియాకు చెందిన అనెతె సియెతిన్యాది. 1956లో మెల్బోర్నునను 1960లో రోమునను ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన ఇనెసె యాన్జెమె, ఎల్వీరా ఓజొలిన్యా లిరువురును లాత్వియా ఆడుబిడ్డలే. అయినను వారి విజయవేళ ఎగిరినది సోవియట్ పతాకము. సియెతిన్యా పతకము నందుకొనిన పూట టోక్యోలో ఎగిరినది లాత్వియా పతాకమే.